నాలుగో గిన్నె

వాళ్ళు వస్తారు. రాక ఎక్కడికి పోతారు. శనివారం పూట కావలి మార్కెట్టులో చేపల తట్ట ఖాళీ చేసుకుని ఈ కొట్టుకి రాకుండా పాలెం ఆటో ఎక్కిన రోజు ఒక్కటుందా, అనుకుంటూ మాలకొండమ్మ తన ఖాళీ తట్టని కాలితో బల్ల కిందికి నెట్టి గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. కావాలనే ఎదురుగా కూర్చుంది. మూలన దూరి గోడకి మొహం పెట్టుకోడానికి ఆమె ఎవరి కొంపా ముంచి రాలేదు. బయట స్టేషన్ రోడ్డు ఎండకి మండిపోతోంది. కొట్టు ముందు వరస పక్కనున్న మందుల షాపు మెట్లదాకా పాకింది. కాలేజీ పిల్లలు, లారీలు ఆపుకుని దిగొచ్చిన డ్రైవర్లు, సంగం నుంచి ఏదో పెళ్ళికొచ్చి పనిగట్టుకుని ఇటు తిరిగినట్టున్న పట్టుచీరల ఆడవాళ్ళు, అందరూ ఒక్క గిన్నె సోయా జున్ను కోసం. గేదె ఈనితే వచ్చే జున్ను కాదిది, గింజలు నానబోసి రుబ్బి తీసిన పాలతో చేసేది. కొట్టు పెట్టిన రెబెక్కమ్మ మలేషియాలో ఒక చీనా ముసలమ్మ ఇంట్లో వంటపని చేసి, ఆ ముసలమ్మ పోయాక చేతిలో ఈ ఒక్క విద్యతో కావలికి తిరిగొచ్చింది. మొదట్లో ఇదేం తిండే, తెల్లగా, పట్టుకుంటే వణికిపోతా, అని నవ్వారు. అట్లా నవ్వినవాళ్ళే ఇప్పుడు నెత్తిన కర్చీఫు వేసుకుని ఎండలో నిలబడి ఉన్నారు.

"ఏం కొండమ్మక్కా, ఒక్కదానివే వచ్చినావే? మిగతావాళ్ళేరీ?" అని పొయ్యి దగ్గర నుంచే అరిచింది రెబెక్కమ్మ. మాలకొండమ్మ నోరు తెరిచింది గానీ మాట వెంటనే రాలేదు. గొంతులో ఏదో ఇసక పేరుకున్నట్టు గరగరలాడి, ఒకసారి దగ్గి, "వస్తారు" అంది. అంతే. ఆ ఒక్క మాట తన చెవికే కొత్తగా వినపడింది. ఎన్ని రోజులైందో మొగుడు కాక ఇంకో మనిషి తన మొహం చూసి, పేరు పెట్టి పిలిచి, జవాబు కోసం ఆగి. మార్కెట్టులో కొనేవాళ్ళు మాట్లాడరని కాదు, వంజరం ఎంత, కవళ్ళు తాజావేనా అంటారు, అది చేపతో మాట్లాడటం, మనిషితో కాదు. రెబెక్కమ్మది వేరే ఊరు, వేరే దేవుడు, పాలెం కట్టుబాటు ఆమె గుమ్మం దాటి లోపలికి రాదు. అందుకే మాలకొండమ్మ ఈ గుమ్మాన్ని ఎంచుకుంది.

రెబెక్కమ్మ గుడ్డతో గుండిగ చెవులు పట్టుకుని, అడుగున చిటికెడు తెల్లపొడి నీళ్ళలో కలిపి పెట్టుకున్న పెద్ద కుండలోకి, కాగిన పాలని చేతులు పైకెత్తి ఒక్క ఊపున పోసింది. కొట్టంతా ఆవిరి, వెనకాలే తాటిబెల్లం పాకంలో ఉడుకుతున్న అల్లం ఘాటు. మూత పెట్టి, మీద మందపాటి గుడ్డ కప్పి, "కుండ బల్లని ఎవరూ తాకొద్దు, పక్కన గెంతొద్దు, గట్టిపడేదాకా ఓర్చుకోవాల" అని రోజూ చెప్పేదే మళ్ళీ చెప్పింది. కదిపితే విరిగి నీళ్ళు వేరైపోతాయట. జున్నుకైతే సరే, అనుకుంది మాలకొండమ్మ. పాలెంలో ఊరిపెద్ద, పెదకాపు గంగులయ్యా ఇదే మాట అన్నాడు కదా, ఊరిని కదపొద్దు, ఓర్చుకోండి అని. ఊరేమన్నా గింజల పాలా? కదిలిస్తే విరిగిపోయేటట్టుంటే అది ఊరెట్లా అవుతుంది? దిబ్బ పోతుంటే ఓర్చుకోవాలా? ఆడవాళ్ళు నెత్తళ్ళు ఎండేసుకునే దిబ్బ అది, సముద్రానికీ ఇళ్ళకీ నడుమ ఉన్న ఒకే ఒక్క మెట్ట. ఎంత వానొచ్చినా నీళ్ళు నిలవవు, గాలి నాలుగు వైపుల నుంచీ కొడుతుంది, పొద్దున పరిచిన చేప సాయంత్రానికి గలగలమంటుంది. వాళ్ళమ్మ అక్కడే ఎండేసింది, వాళ్ళమ్మమ్మ అక్కడే. ఆ దిబ్బని రొయ్యల మేత షెడ్డు కట్టుకునే షావుకారుకి ఇస్తామని కాపులు, అంటే పాలెం పెద్దలు, మాట ఇచ్చేసి వచ్చారు. అడిగిందెవర్ని? మగవాళ్ళని. దిబ్బ మీద ఒక్క చేప తిరగేసిన మగవాడున్నాడా పాలెంలో?

ఆ రోజు రచ్చలో కూర్చోవాలని అనుకుని పోలేదు ఆమె. అది ఎవరికి చెప్పినా నమ్మరు గానీ నిజం. రచ్చ ఇసకలో జరుగుతుంది, పడవలు లాగి పెట్టిన చోట. మగవాళ్ళు మధ్యలో కూర్చుంటారు, ఆడవాళ్ళు పడవల వెనకాల నిలబడి వినాలి. నిలబడి వినడం, అంతే. తెల్లవారుజాము నుంచి తట్ట మోసి మోసి ఆ వేళకి మోకాళ్ళు లాగేస్తున్నాయి. గంగులయ్య కండువా దులుపుకుని "దిబ్బ సంగతి తేలిపోయింది, ఇంకో మాట లేదు" అన్నాడు. తేలిపోయిందా, ఎప్పుడు తేలింది, అని లోపల అనుకునేలోపే కాళ్ళు నడిచాయి, పడవ పక్క నుంచి, మగవాళ్ళ భుజాల మధ్య నుంచి, చుట్ట వాసన, చెమట వాసన దాటుకుంటూ నడిచాయి, గంగులయ్య ఎదురుగా ఆగాయి, ఇసకలో చతికిలబడింది. "మేం ఎండేసుకునేది యాడ? నీ నెత్తి మీదా?" అంది. ఆ మాట మీద పదిమంది నవ్వారు కూడా, మగవాళ్ళే. తర్వాత నవ్వు ఆగిపోయింది. విడ్డూరం ఏమిటంటే ఆమె అడిగిన మాట ఒక్కరికీ గుర్తు లేదు, ఆమె కూర్చోవడం మాత్రం చంటిపిల్లలకి కూడా గుర్తుంది. ఆడది రచ్చలో కూర్చుంది! దిబ్బ పోయిన సంగతి పోయింది, కూర్చున్న సంగతి మిగిలింది. అట్లా మళ్ళిస్తారు మాటని. బుర్ర లేనివాళ్ళేం కాదు కాపులు, బాగానే ఉంది బుర్ర.

దురాయి వేశారు. అంటే కొట్టరు, తిట్టరు. మాట్లాడరు. నిప్పు ఇవ్వరు, నీళ్ళ బిందె పక్కన బిందె పెట్టరు, వేలంలో ఆమె పాట వినపడదు. మాట్లాడినవాళ్ళకీ అదే దురాయి. ఆమె గొంతు చించుకుని పాడితే వేలం వేసేవాడు ఆమె తల మీదుగా సముద్రం వైపు చూసి పక్కదానికి కొట్టేస్తాడు. అందుకే ఆమె జువ్వలదిన్నె హార్బరుకి పోయి వేరే ఊళ్ళ పడవల దగ్గర చేప కొంటోంది, నడిచి, ఎందుకంటే ఆటో రాజ్ కుమార్ ఆమెని చూడగానే గేరు మారుస్తాడు. ఒకప్పుడు వాడికి పచ్చకామెర్లొస్తే ఆకుమందు తెచ్చిచ్చింది ఈమే. పోనీలే, వాడి బతుకు భయం వాడిది. మొగుడు మాల్యాద్రి సంగతే ఆమెకి గుండెలో ముల్లు. ఇద్దరి పేర్లూ ఒకే కొండ మీది దేవుడి పేర్లేనని పెళ్ళిలో అందరూ ముచ్చటపడ్డారు, ఒకే కొండకి రెండు మెట్లురా మీరు అని. ఆ మనిషిని ఏ పడవలోనూ ఎక్కించుకోవడం లేదు. సముద్రం మీదికి పోని మగవాడు ఒడ్డున ఎట్లా ఉంటాడో ఆమె ఇంతకుముందెప్పుడూ చూడలేదు. పొద్దున్నే లేచి, చిరగని వల తెచ్చుకుని, ఉన్న ముడులే విప్పి మళ్ళీ వేస్తున్నాడు.

నిన్న రాత్రి కూడు ముందు కూర్చుని అన్నాడు. "కాపుల కాళ్ళ మీద పడిపోవే. ఒక్క నిమిషం. బోర్లా పడి లేచి వచ్చేయొచ్చు. అందరూ పడినోళ్ళే." ఆమె తల అడ్డంగా ఊపింది. "నువ్వు పడకపోతే రేపు కాక ఎల్లుండి, ఆదివారం రచ్చలో నేను పడతా. నా పెళ్ళాం దిబ్బ పేరెత్తదని నీ పేరు మీద ప్రమాణం చేసేసి వస్తా" అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. అదీ బాధ. కోపంగా అంటే తిరగబడవచ్చు. తన మాటని తన మొగుడు తీసుకుపోయి వాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టేస్తే, ఆ తర్వాత ఆమె నోరు ఆమెది కాదు. దిబ్బ మీద షెడ్డు లేస్తుంది, అందరూ మళ్ళీ ఆమెతో చక్కగా మాట్లాడతారు, ఆమె దగ్గర మాత్రం మాట్లాడటానికి ఏమీ మిగలదు. అందుకని ఒక్కరు కావాలి. రేపు రచ్చ కూడేలోపు పాలెం ఆడవాళ్ళలో ఒక్కరు, నలుగురిలో, దాచుకోకుండా, ఆమెతో మాట కలపాలి. అప్పుడు ఇద్దరు అవుతారు. ఇద్దరితో మూడో మనిషి మాట్లాడుతుంది. ఒకర్ని వెలేయడం తేలికే, అందర్నీ వెలేస్తే కాపులు ఎవరితో మాట్లాడతారో, ఎవరు వండిన కూడు తింటారో, ఎవరు అమ్ముకొచ్చిన చేపతో బతుకుతారో చూడాలని ఉంది ఆమెకి. ఇది ఆమెకి ఎవరూ చెప్పిన పాఠం కాదు. నడుస్తూ నడుస్తూ, హార్బరు దారిలో, నెత్తిన తట్టతో, తనంతట తనే తేల్చుకున్న లెక్క.

పిరికివాళ్ళు కాదు వాళ్ళు, అదే ఆమె ఆశ. మాటకి దారి వెతుక్కోవడం మానలేదు. మొన్న వెంకటశేషమ్మత్త మాలకొండమ్మ ఇంటి ముందు నుంచి పోతూ ఆగి, ఆమె వైపు చూడకుండా ఆమె కోడిపెట్టతో మాట్లాడింది. "ఒసే కోడీ, ఆదివారం రచ్చంట. వచ్చి కాళ్ళ మీద పడితే ఎత్తేస్తారంట. మీ అమ్మకి చెప్పుమే, మొండికేయొద్దని." దురాయి మనిషితో మాట్లాడొద్దంది గానీ కోడితో వద్దనలేదుగా. మాలకొండమ్మకి నవ్వొచ్చి, ఏడుపొచ్చి, తనూ కోడితోనే అంది: "కోడీ, ఆ అత్తని అడుగు, దిబ్బ పోతే ఆమె నెత్తళ్ళు యాడ ఎండేసుద్దో." వెంకటశేషమ్మ ఉలిక్కిపడి గబగబా పోయింది. కోడి ఇద్దరినీ చూసి, మట్టి గీరుకుంది. అంత పెద్దమనిషి, మగవాళ్ళని నిలబెట్టి కడిగేసే మనిషి, కోడి చాటున దాక్కోవాల్సి వచ్చింది. అది తలచుకుంటే తన వెలి కన్నా అదే ఎక్కువ మంటగా ఉంది.

ఈ కొట్టుకి వాళ్ళని మొదట తెచ్చింది తనే. వెంకటశేషమ్మత్త, సుబ్బు, తర్వాత పెళ్ళై పాలెం వచ్చిన దుర్గ. మొదటిసారి లోపల అడుగుపెడితే, తెల్లచొక్కా ఆయనొకడు ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని, తట్టలు బయట పెట్టించమ్మా, కంపు, అన్నాడు. సుబ్బు వెనక్కి తిరగబోయింది. మాలకొండమ్మ దాని కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. రెబెక్కమ్మ గరిటె ఆపి, "వాసన పడకపోతే గిన్నె పట్టుకుని బయట తినండి సార్, చల్లగాలి వస్తాది" అంది. కూర్చోవడం అప్పుడు నేర్చుకున్నారు. తట్ట పక్కన పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, ఎవరో వండింది, ఎవరో వడ్డిస్తే తినడం. ఇంట్లో ఏ రోజూ లేని పని. ఇక్కడ బల్లకి నలుగురు, ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవాలి, నాకు ఈ మనిషి పక్కన వద్దు అంటే రెబెక్కమ్మ ఊరుకోదు.

కుండ మీద గుడ్డ తీశారు. మూత ఎత్తగానే ఆవిరి లేచింది, లోపల జున్ను కదలకుండా, గాలి లేని రోజు సముద్రంలా నున్నగా ఉంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో వెంకటశేషమ్మ తట్ట కనపడింది, తర్వాత మనిషి, వెనక సుబ్బు, దాని వెనక దుర్గ. లోపలికి వస్తూనే ముగ్గురూ ఆమెని చూశారు. ఆగిపోయారు. మాలకొండమ్మ చూపు తిప్పుకోలేదు. దుర్గని చూసి మాత్రం ఆశ సగానికి పడిపోయింది. గంగులయ్య కోడలు. ఈ పిల్ల ఉన్నచోట ముసలామె వెంకటశేషమ్మ నోరు విప్పదు, సుబ్బు అసలే విప్పదు, సాయంత్రానికల్లా ప్రతి మాటా పెదకాపు అరుగు మీద ఉంటుందని అందరికీ భయం. పులికాట్ చెరువు పక్కనుంచి వచ్చిన పిల్ల, మాట తక్కువ, కళ్ళు పెద్దవి, ఏమనుకుంటుందో తెలియదు. ఇయ్యాలే రావాలా ఇది, అనుకుంది. తర్వాత తనని తనే కసిరింది. వస్తే రానీ. ఎవరున్నారో చూసుకుని లేచే మనిషివైతే ఆ రోజు రచ్చలో కూర్చునేదానివే కాదు.

వాళ్ళు అవతలి బల్లకి పోయారు. ముగ్గురు. నాలుగో చోటు ఖాళీ. వెంకటశేషమ్మ తట్ట దించుకుంటూ, కొంగుతో మెడ తుడుచుకుంటూ, ఎప్పటిలాగే గట్టిగా కేకేసింది: "రెబెక్కమ్మా, నాలుగు! పాకం బాగా పొయ్యి!"

నాలుగు. సుబ్బు తల ఎత్తింది. దుర్గ ముసలామె వైపు చూసింది. వెంకటశేషమ్మ నోరు సగం తెరిచి, మళ్ళీ మూసేసింది. అలవాటా? అలవాటే అయ్యుంటుంది, ఎన్ని శనివారాలు నాలుగు అని అరిచిందో ఆ నోరు. అలవాటు అయితే దిద్దుకోవచ్చుగా, మూడే అనవచ్చుగా. అనలేదు. రెబెక్కమ్మ చిప్పగరిటెతో జున్నుని పల్చగా పొరలు పొరలుగా తీసి గిన్నెల్లో జారుస్తోంది, పైన నల్లటి పాకం పోస్తోంది, నాలుగు గిన్నెలూ పళ్ళెంలో పెట్టుకుని వాళ్ళ బల్లకి తీసుకుపోయి, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, నాలుగోది ఖాళీ చోటు ముందు పెట్టి, తన పనిలో తను వెళ్ళిపోయింది. ఆ గిన్నె అక్కడ ఉంది. పొగలు కక్కుతోంది. ముగ్గురిలో ఎవరూ దాన్ని తాకరు, ఎవరూ వెనక్కి పంపరు, చచ్చిన మనిషికి పెట్టిన కూడులాగా దాని వైపు చూడరు. నేను చావలేదు, అనుకుంది మాలకొండమ్మ. పోయి కూర్చుంటే లేచి వెళ్ళిపోతారేమో. వెళ్ళిపోతే తెలుస్తుంది. ఊళ్ళో మూసిన తలుపుల వెనక ఎవరేంటో తెలియక చచ్చేకన్నా ఇక్కడ మొహాలు చూసి తెలుసుకోవడం మేలు. వెళ్ళిపోతే ఆ నాలుగు గిన్నెలూ తనే తిని, రేపు ఒక్కతే పోయి మళ్ళీ ఆ ఇసకలోనే కూర్చుంటుంది. మాల్యాద్రి పడితే పడనీ, అతని పక్కన తను కూర్చునే ఉంటుంది. ఎన్నిసార్లు వెలేస్తారో వేయనీ.

లేచింది. తట్ట చేత్తో పట్టుకుంది. పోయి నాలుగో చోట కూర్చుంది.

సుబ్బు బెంచీ మీద చివరికి జరిగింది, ఇంకా జరిగితే కింద పడుతుంది. వెంకటశేషమ్మ గిన్నెలోకి వంగి, గిన్నెతో గొణిగింది: "జున్నూ, జున్నూ, ఎందుకొచ్చినావే ఈ బల్ల మీదికి, చూసేవాళ్ళు చూస్తన్నారు..."

"గిన్నెతో ఎందుకత్తా" అంది మాలకొండమ్మ. కొట్టులో సగంమంది తిరిగి చూశారు. "ఇది పాలెం కాదు. కోడి లేదు. నేనున్నా. నాతో అను. తిట్టాలనుంటే నన్నే తిట్టు."

ముసలామె తల ఎత్తలేదు. ఆమె చూపు గిన్నె అంచు మీది నుంచి దుర్గ వైపు పోయి మళ్ళీ కిందికి దిగిపోయింది. సుబ్బు కూడా దుర్గనే చూస్తోంది. ఇద్దరి భయమూ ఆ పిల్ల మొహం మీద వాలి కూర్చుంది. దుర్గ ఆ చూపులని పట్టించుకున్నట్టు లేదు. జున్ను ఒక చెంచా నోట్లో పెట్టుకుంది, మింగింది, ఇంకో చెంచా తీసుకుంది, మింగింది. తర్వాత మాలకొండమ్మ వైపు తిరిగి, ఇంట్లో మాట్లాడినట్టే మామూలుగా, "తిను కొండమ్మత్తా, చల్లారితే బాగోదు" అంది.

మాలకొండమ్మకి ముందు అర్థం కాలేదు. తన పేరు. అత్తా అన్న పిలుపు. సూటిగా, కళ్ళలోకి చూసి. ఈ పిల్ల. పాలెంలో అన్ని ఇళ్ళలోకీ ఏ ఇంటి నుంచి మాత్రం మాట రాదని ఖాయంగా అనుకుందో ఆ ఇంటి నుంచే. చెంచా అందుకుంది.

"ఓసి నీ యమ్మ కడుపు కాలా, మాట్లాడేసినావే!" అంది సుబ్బు గుసగుసగా. "మీ మామకి తెలిస్తే?"

"తెలీకేం, నేనే చెప్తా పొయ్యి" అంది దుర్గ. "పెళ్ళైనకాడి నుంచి ఆ దిబ్బ మీద ఎండలో నడుం పడిపోయేది నాకు. మా మామ ఏనాడన్నా ఒక్క చేప తిరగేసినాడా? నన్ను వెలేయమను. వెలేసిన మనిషి చేతి కూడు తినకూడదంట గదా కట్టుబాటు. రేపు పొద్దున పొయ్యి కాడ ఆయన్నే కూర్చోమంటా."

వెంకటశేషమ్మ నవ్వింది. నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది, పొట్ట పట్టుకుని, పళ్ళు లేని నోట్లోంచి పాకం కారుతుంటే కొంగు అడ్డం పెట్టుకుని, "గంగులయ్యా... పొయ్యి కాడా... వాడికి అగ్గిపెట్టె యాడుంటాదో తెలుసునా..." అని నవ్వింది. ఆ నవ్వులోనే మాలకొండమ్మ వీపు మీద చెళ్ళున ఒకటి చరిచింది. "మొండిముండా, నీ వల్లనేమే ఇదంతా. నిద్ర పట్టి ఎన్నాళ్ళైందో తెలుసునా నాకు? నీ కోడితో మాట్లాడతా ఉంటే నాకే పిచ్చిపట్టిందని మా కోడలు మంత్రం పెట్టించబోయింది." ఇక మాట ఆగలేదు. సుబ్బు బెంచీ మీద తిరిగి దగ్గరికి జరిగి తన కూతురికి జ్వరం వచ్చి పోయిన సంగతి, ఎవరి వలో చింపేసిన పెద్ద తిరుకు చేప సంగతి, తిట్టుకోవడాలు, కొట్టుకోవడాలు, అన్నీ ఒక్కసారే చెప్పబోయింది. ముసలామె అడ్డం పడి అది అట్టా కాదుమే అని సరిదిద్దింది. దుర్గ అప్పుడప్పుడూ ఒక మాట వేసింది, వేసిన ప్రతి మాటకీ మిగతావాళ్ళు నవ్వారు. మాలకొండమ్మ వింటోంది. మాటలు వానలాగా మీద పడుతుంటే ఒకదానికి జవాబు చెప్పేలోపు ఇంకొకటి. చెంచా నోటిదాకా పోయి ఆగిపోతోంది. భయం పోలేదు, ఆమెకి తెలుసు. ఆటో ఎక్కాక సుబ్బుకి మళ్ళీ వస్తుంది. ఇంటికి పోయాక దుర్గకీ రావచ్చు, మొగుడు ఏమంటాడో, మామ చెయ్యెత్తుతాడో. పాలెం పొలిమేర దాటేలోపే చల్లారిపోయే మాటలు కూడా ఉంటాయి మాటల్లో. చల్లారనివ్వకూడదు. ఇప్పుడే, ఇంకా నోళ్ళు తీపిగా ఉండగానే కట్టేయాలి.

"రేపు రచ్చ" అంది. ముగ్గురూ ఆగారు. "మా ఆయన బోర్లా పడతానంటన్నాడు. పడకముందే మనం పొయ్యి కూర్చోవాల. నిలబడటం కాదు. పడవల వెనకాల కాదు. నలుగురం, గంగులయ్య మామ ఎదురుంగా."

సుబ్బు గిన్నె మీద నుంచి తల ఎత్తింది. "కూర్చోవాలనా? నేనా?"

"నువ్వే. అడగబోయే మాట నేను అడుగుతా. నీ పని కూర్చోవడం."

"నలుగురం చాలం" అంది వెంకటశేషమ్మ, మొహంలో నవ్వు పోయి వేరే ఏదో వచ్చింది. దిబ్బ మీద వానమబ్బు చూసినప్పుడు వచ్చే మొహం అది. "తెల్లారేలోపు నేను నాలుగిళ్ళు తిరిగొస్తా. నా మాట ఎవురు కాదంటారో చూస్తా. దుర్గా, నువ్వు మాత్రం ముందు కూర్చోవాల, మీ మామ నిన్ను చూసినాకనే నోరు తెరవాల."

దుర్గ తల ఊపింది. సుబ్బు ఇంకా తేల్చుకోలేక గిన్నె అడుగున చెంచాతో గీస్తోంది. బయట రాజ్ కుమార్ ఆటో హారను రెండుసార్లు మోగింది, పాలెం పోయేవాళ్ళు రావాలని. వెంకటశేషమ్మ లేచి తట్ట ఎత్తుకుంటూ, వాడు ఇయ్యాల కొండమ్మని ఎక్కించుకోకపోతే వాడి ఆటోలో చేపనీళ్ళు పోస్తానని పెద్దగా అనుకుంటూ గుమ్మం వైపు నడిచింది. మాలకొండమ్మ సుబ్బు వైపు చూసింది. ఇది వస్తుందా రాదా? బతిమాలితే రాదు. భయపెడితే అసలే రాదు. చేయడానికి పని చెప్తే ఇది కాదనలేదు, చిన్నప్పటి నుంచీ అంతే.

"సుబ్బూ, రేపు వచ్చేటప్పుడు మీ ఇంట్లో పెద్ద చాప తీసుకురా" అంది. "ఇసకలో ఎండకి ఎంతసేపని కూర్చుంటాం, చీరలు కాలిపోతాయి."

సుబ్బు చాప గురించి ఆలోచించింది. "ఈతాకు చాప చిన్నది, నలుగురికి చాలదు" అంది. "పెళ్ళిచాప తెస్తాలే. ఎనిమిదిమంది కూర్చోవచ్చు."